నాలుగున్నర గంటల కనెక్షన్: వెనక నుంచి లెక్కిస్తే మిగిలింది గంట

గత సంక్రాంతికి వారం ముందు పుత్తూరు నుంచి ఒక దంపతులు తిరుపతిలోని మా ట్రావెల్ ఆఫీసుకు వచ్చారు. ఆయన హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. వయసు 68. అమ్మకు 63. డల్లాస్‌లో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి, డాక్టరు ఇచ్చిన తేదీకి ఇంకా మూడు వారాలే ఉంది. టికెట్లు కూతురే అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో కొనేసింది. వాళ్ళు నా దగ్గరికి వచ్చింది రెండు చిన్న పనుల కోసం: టికెట్లు ప్రింటు తీయడం, అమ్మకు వీల్‌చైర్ పెట్టించడం. పుత్తూరు కట్టు ఊళ్ళోనే దొరుకుతుంది గానీ, అరిగిపోయిన మోకాళ్ళకు ఏ కట్టూ లేదు. అమ్మ పది నిమిషాలు నడిస్తే ఒకసారి కూర్చోవాలి.

ప్రింటు తీస్తూ టికెట్లు చదివాను. మొదటిది చెన్నై నుంచి ఢిల్లీకి ఒక దేశీయ ఎయిర్‌లైన్స్ టికెట్. సాయంత్రం 5.30కి బయలుదేరి రాత్రి 8.20కి ఢిల్లీ టెర్మినల్ 1లో దిగుతుంది. రెండోది ఢిల్లీ టెర్మినల్ 3 నుంచి అర్ధరాత్రి దాటాక 12.50కి ఒక యూరప్ ఎయిర్‌లైన్స్ విమానం. అది ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా డల్లాస్ వెళ్తుంది. రెండు టికెట్లు, రెండు పీఎన్ఆర్‌లు. మధ్యలో నాలుగున్నర గంటలు.

"నాలుగున్నర గంట ఉండాది గదా నాయనా, చాల్దా?" అన్నారు మాస్టారు, నా మొహం చూసి.

ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది అందరూ మంచిదనుకునే పని కావడమే ఇది రాయాలనుకోవడానికి కారణం.

రెండు టికెట్లు అంటే ఏమిటి

విమానం టికెట్‌కు 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఏ ఎయిర్‌లైన్స్ ఆ టికెట్ ఇచ్చిందో చెబుతాయి. 098 ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతార్. ప్రయాణం మొత్తం ఒకే టికెట్ నంబరు మీద ఉంటే, మధ్యలో విమానాలు వేర్వేరు కంపెనీలవైనా అది ఒకే ప్రయాణం. బ్యాగు చివరి ఊరి దాకా వెళ్తుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. అలాంటి టికెట్ అమ్మేటప్పుడు సిస్టమ్ మినిమమ్ కనెక్టింగ్ టైమ్ అని ఒకటి చూసుకుంటుంది. ప్రతి ఎయిర్‌పోర్టుకూ, దేశీయం నుంచి అంతర్జాతీయానికి మారడానికీ, ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు వెళ్ళడానికీ వేర్వేరుగా ఇంత సమయం కావాలని నిర్ణయించి పెట్టి ఉంటుంది. అంతకంటే తక్కువ ఉంటే టికెట్ రాదు.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే ఈ రక్షణ ఏదీ ఉండదు. మొదటి కంపెనీ దృష్టిలో మాస్టారు ఢిల్లీకి వెళ్ళే మనిషి, అంతే. రెండో కంపెనీ దృష్టిలో ఆయన ఢిల్లీలో ఉండే మనిషి, టైముకి కౌంటర్ దగ్గరికి వస్తాడో లేదో అన్నదే వాళ్ళకు లెక్క. కొన్ని వెబ్‌సైట్లు ఇలాంటి రెండు టికెట్లను పక్కపక్కన పెట్టి ఒకే ప్రయాణంలా చూపిస్తాయి. చిన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని రాసి ఉంటుంది. ఆ మాటకు అర్థం: బ్యాగు నువ్వే తీసుకో, నువ్వే మోసుకెళ్ళు, తప్పిపోతే నువ్వే చూసుకో.

కూతురిని తప్పు పట్టలేను. చెన్నై నుంచి ఒకే టికెట్ కంటే ఇలా కొంటే ఇద్దరికీ కలిపి ₹38,000 తక్కువ పడింది. ఆ అమ్మాయి ఒంటరిగా ఢిల్లీ మీదుగా రెండుసార్లు ఇలాగే వచ్చి వెళ్ళింది కూడా. పాతికేళ్ళ మనిషి, భుజానికి ఒక బ్యాగు, అప్పుడు నడిచిన లెక్కే అమ్మానాన్నలకూ నడుస్తుందనుకుంది.

వెనక నుంచి లెక్క

కనెక్షన్ టైమును అందరూ దిగే టైము నుంచి ఎక్కే టైము దాకా చూస్తారు. నేను 17 ఏళ్ళుగా చెబుతున్నది ఒకటే: ఎక్కే టైమును మర్చిపోండి, చెక్-ఇన్ కౌంటర్ మూసే టైము నుంచి వెనక్కి రండి. చాలా అంతర్జాతీయ విమానాలకు కౌంటర్ 60 నిమిషాల ముందు మూస్తారు, కొన్నింటికి 75. వీళ్ళది 60. అంటే మన గడువు 12.50 కాదు, 11.50.

ఆ రోజు మాస్టారి ముందే కాగితం మీద రాశాను. 11.50కి కౌంటర్ మూస్తారు. క్యూ అరగంట వేసుకుంటే 11.20కి క్యూలో నిలబడాలి. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ భద్రతా సిబ్బంది పాస్‌పోర్టూ టికెట్టూ చూడడానికి, లోపల మన కౌంటర్ ఏ వరుసలో ఉందో వెతకడానికి పావుగంట. 11.05కి గేటు దగ్గర ఉండాలి. టెర్మినల్ 1 నుంచి టెర్మినల్ 3కి లోపల దారి లేదు, బయట రోడ్డు మీద చుట్టి రావాలి. ఏడెనిమిది కిలోమీటర్లు. రాత్రి ట్రాఫిక్‌కు 35 నిమిషాలు. 10.30కి కారులో కూర్చోవాలి. బయటికి వచ్చి కారు వెతుక్కోవడం 10 నిమిషాలు, బెల్టు దగ్గర బ్యాగులకు అరగంట, విమానం దిగి బెల్టు దాకా రావడం 20, రన్‌వే తాకాక తలుపు తెరిచేదాకా 10. వెనక్కి వస్తే 9.20. విమానం 9.20 లోపల నేల తాకాలి. తాకాల్సిన టైము 8.20.

"అంటే మీకు ఉన్నది నాలుగున్నర గంటలు కాదు సార్, ఒక్క గంట," అన్నాను.

మాస్టారు లెక్కల మాస్టారే. కాగితం తీసుకుని రెండుసార్లు కూడి చూసుకున్నారు. "గంట మార్జిన్ ఉండాదన్నమాట," అన్నారు. నేను ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో చెప్పాననుకున్నాను. ఆయనకు మాత్రం ధైర్యం చెప్పినట్టు వినబడింది. ఈ తేడా నాకు తర్వాత అర్థమైంది.

జనవరిలో ఢిల్లీ గురించి వేరే చెప్పాలి. దట్టమైన పొగమంచు ఎక్కువగా అర్ధరాత్రి నుంచి పొద్దున దాకా ఉంటుంది. సాయంత్రం విమానానికి ఏం సంబంధం అని అడుగుతారు. సంబంధం ఉంది. దేశీయ విమానం ఒకటి రోజంతా ఊర్లు తిరుగుతుంది. పొద్దున ఢిల్లీలో రెండు గంటలు ఆగిపోయిన విమానమే మధ్యాహ్నం ఇంకో ఊరికి, సాయంత్రం చెన్నైకి రావాలి. పొద్దున పడిన ఆలస్యం సాయంత్రానికి కొంత తగ్గుతుంది, కొన్నిసార్లు పెరుగుతుంది. రాత్రికి చేరేసరికి ఢిల్లీలో పొగమంచు ఉండకపోవచ్చు, ఆలస్యం మాత్రం ఉంటుంది.

మార్చడానికి ఏం ప్రయత్నించాం

రెండో టికెట్‌ను నేను ముట్టుకోలేను. వేరే ఏజెన్సీ ఇచ్చిన టికెట్‌ను ఇంకో ఏజెంటు మార్చలేడు, కొన్న చోటే మార్చాలి లేదా నేరుగా ఎయిర్‌లైన్స్‌తో మాట్లాడాలి. నేను చేయగలిగింది చెన్నై నుంచి ఢిల్లీకి వేరే విమానం చూడడం వరకే.

ముందు రోజే ఢిల్లీ వెళ్ళి హోటల్లో పడుకోమన్నాను. అన్నిటికంటే మంచి మార్గం అదే. కానీ ముందు రోజు కనుమ. "కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మేము ఊరు దాటాల్నా?" అని అమ్మ మొదటిసారి నోరు తెరిచింది. కాన్పుకు వెళ్తున్న తల్లి. ఆ మాట మీద నేను వాదించలేదు, ఇప్పుడైనా వాదించను.

ప్రయాణం రోజే పొద్దున విమానం చూశాను. పదకొండున్నరకు ఢిల్లీ చేరుతుంది, మనిషికి ₹11,000. పండగ తిరుగు ప్రయాణాల రద్దీ, ఉన్న టికెట్‌కు డబ్బు వెనక్కి రాదు. "పన్నెండు గంటలు ఆ కుర్చీల్లో కూర్చుంటే ఈమె కాళ్ళు వాచిపోతాయి," అన్నారు మాస్టారు. అది కూడా నిజమే. అయినా ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పన్నెండు గంటలు ఎయిర్‌పోర్టులో కూర్చోనక్కర్లేదు, ఎయిర్‌పోర్టు పక్కన ఏరోసిటీలో పగటి పూటకు గది దొరుకుతుంది. ఆ మాట నాకు ఆ క్షణంలో తోచలేదు.

చివరికి ఉన్న టికెట్లతోనే వెళ్ళాలని నిర్ణయమైంది. అప్పుడు చేయగలిగినవి చేశాను.

మొదట సామాను. అమెరికా విమానంలో మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు. నాలుగు బ్యాగులు సర్దేశారు. కానీ దేశీయ టికెట్‌లో మనిషికి 15 కిలోలే. ఎయిర్‌పోర్టులో కట్టాల్సి వస్తే కిలోకి వందల రూపాయలు. ఆవకాయ, చింతకాయ పచ్చడి, బాలింత కాయం, నెయ్యి, మామిడి తాండ్ర, పుట్టబోయే బిడ్డకు పాత చీరలతో కుట్టిన బొంతలు. ఏది తీసేయమని చెప్పగలను? రెండు బ్యాగులకు కుదించమన్నాను, మిగిలిన బరువు ముందే ఆన్‌లైన్‌లో కొన్నాం. బ్యాగులు తగ్గితే డబ్బే కాదు, బెల్టు దగ్గరా కారు దగ్గరా టైము కూడా మిగులుతుంది. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు, స్వెట్టర్లు చేతి బ్యాగులోకి మార్పించాను.

సీట్లు ముందు వరుసల్లో తీసుకున్నాం, నాలుగో వరుస. ఢిల్లీలో కారు ముందే బుక్ చేశాను. షటిల్ బస్సు ఉంది గానీ, మోకాళ్ళ నొప్పితో బ్యాగులు ఎక్కించి దించుకుని, బస్సు కోసం నిలబడే టైము ఇందులో లేదు. అంతర్జాతీయ విమానానికి కూతురు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిక్కు లేదు. ఢిల్లీ నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్, బ్యాగులు నేరుగా వెళ్తాయి, వాళ్ళకు అమెరికా వీసా ఉంది కాబట్టి ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. అక్కడ కూడా టికెట్లు విడిపోయి ఉంటే, బ్యాగు తీసుకోవడానికి బయటికి రావాలి, దానికి యూరప్ దేశాల్లోకి వెళ్ళనిచ్చే షెంగెన్ వీసానే కావాలి. అలాంటి టికెట్లతో వచ్చిన వాళ్ళనూ చూశాను.

ఇంకోటి, తేదీ. 12.50 అంటే క్యాలెండర్‌లో మరుసటి రోజు. ఆ తేదీ రాత్రి తీరిగ్గా వచ్చి, విమానం నిన్ననే వెళ్ళిపోయిందని తెలుసుకున్న కుటుంబాలు ఉన్నాయి. కాగితం మీద 'కనుమ మరుసటి రోజు రాత్రి' అని తెలుగులో రాసిచ్చాను.

వీల్‌చైర్ రెండు విమానాలకూ పెట్టించాను. ఎవరైనా అదే చేస్తారు.

ఆ రోజు

మధ్యాహ్నం 12కి పుత్తూరులో కారెక్కారు. వాళ్ళు నగరి, తిరుత్తణి దాటేసరికి నేను, ఏ విమానం ఎక్కడుందో చూపే ఫ్లైట్‌రాడార్24లో చూస్తున్నాను. వాళ్ళను తీసుకెళ్ళాల్సిన విమానం పొద్దున ఉత్తరాదిలో పొగమంచు వల్ల రెండు గంటలు లేటుగా లేచింది. అప్పుడు అది ఇంకా వేరే ఊళ్ళో ఉంది. ఎయిర్‌లైన్స్ యాప్‌లో మాత్రం 'సమయానికే' అని ఉంది. ఇది అబద్ధం కాదు. ఒక్కోసారి వేరే విమానాన్ని వేస్తారు, అందుకే చివరిదాకా మార్చరు. కానీ ఏజెంటుకు రెండూ చూడడం అలవాటు ఉండాలి.

ఫోన్ చేశాను. 4.40కి ఇంకో కంపెనీ విమానం ఉంది, అది టెర్మినల్ 3లోనే దిగుతుంది, రోడ్డు ప్రయాణమే ఉండదు, మనిషికి ₹17,500. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "ఇద్దరికీ ముప్పై అయిదు వేలా? గంట మార్జిన్ ఉండాదంటివి గదా నాయనా. చూద్దాం," అన్నారు. నేను ఆ రోజు రాసిచ్చిన కాగితమే ఆయనకు ఆధారం.

3.15కి చెన్నై చేరారు. 5.30కి లేవాల్సిన విమానం 6.55కి లేచింది. ఢిల్లీలో 9.45కి దిగింది. గంటా ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం. మా లెక్క ప్రకారం గడువు దాటి ఇరవై అయిదు నిమిషాలు. అయినా నేను ఆశ వదల్లేదు. నా లెక్కలో ప్రతి చోటా కొంచెం ఎక్కువే వేసుకుంటాను. నాలుగో వరుస, రెండే బ్యాగులు, కారు సిద్ధం.

9.57కి తలుపు తెరిచారు. 10.10కి మాస్టారికి ఫోన్ చేశాను. "ఇంకా సీట్లోనే ఉన్నాం," అన్నారు.

వీల్‌చైర్ అడిగిన ప్రయాణికులను చివర దించుతారు. అందరూ దిగాక, కుర్చీ వచ్చాక. ఇది నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తెలిసిందో. కానీ కనెక్షన్ లెక్క వేసేటప్పుడు ఆ కాగితం మీద దాన్ని వేయలేదు. వీల్‌చైర్‌ను సాయంగానే చూశాను, టైముగా చూడలేదు. నాలుగో వరుస సీట్లకు కట్టిన డబ్బు ఆ ఒక్క రిక్వెస్టుతో వృథా అయింది.

10.16కి విమానం ఖాళీ అయింది. 10.29కి కుర్చీ వచ్చింది. ఆ రాత్రి ఆలస్యంగా దిగిన విమానాలు చాలా ఉన్నాయి, కుర్చీలు తోసే పిల్లలు కొద్దిమందే. వాళ్ళను అనడానికి ఏమీ లేదు. నేను మాస్టారితో ముందే చెప్పాను, అమ్మను కుర్చీ కోసం కూర్చోబెట్టి మీరు బెల్టు దగ్గరికి వెళ్ళిపోండి, బ్యాగులు తీసి ఉంచండి అని. ఆయన వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో తర్వాత అమ్మ చెప్పింది: "హిందీ రాదు, ఫోన్ ఆయన దగ్గర, నన్ను ఒక్కదాన్నే యాడ వదిలేసి పోతాడు?" ఈ ప్లాను నేను మాస్టారికి ఒక్కరికే ఫోన్లో చెప్పాను. అమ్మకు చెప్పలేదు. ఆమె చేతిలో ఒక ఫోన్ లేదన్న సంగతి అడగలేదు.

10.41కి బెల్టు. బ్యాగులు అప్పటికే తిరుగుతున్నాయి. 10.57కి కారు ఎక్కారు.

11.15 గీత

ఈ కేసులో నేను సరిగ్గా చేశానని ఇప్పటికీ నమ్మేది ఒకటుంది. ముందు రోజే కూతురితో మాట్లాడి ఒక గీత గీశాం. రాత్రి 11.15కి అమ్మానాన్నలు టెర్మినల్ 3 గేటు దాటకపోతే, ఇంకేం ఆలోచించకుండా టికెట్‌ను మరుసటి రోజుకి మార్చేయాలి. ఎందుకంటే చాలా టికెట్లలో, విమానం బయలుదేరే లోపు మార్చుకుంటే మార్పు రుసుము, ఛార్జీలో తేడా కడితే సరిపోతుంది. ఏం చెప్పకుండా రాకపోతే నో-షో అంటారు. అప్పుడు ఆ ఒక్క ప్రయాణమే కాదు, అదే టికెట్ మీద ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దవుతుంది. వీళ్ళ టికెట్‌లో జులైలో తిరిగి వచ్చేది కూడా ఉంది. ఇద్దరికీ మొత్తం పోయేది.

10.40కే ఆ అమ్మాయిని ఎయిర్‌లైన్స్ నంబరుకు ఫోన్ కలిపి లైన్లో ఉండమన్నాను. అక్కడ పగలు పదకొండు దాటింది. లైన్ కలవడానికే అరగంట పడుతుందని తెలుసు కాబట్టి ముందే మొదలుపెట్టాం. 11.15కి కారు ఇంకా రోడ్డు మీదే ఉంది. "మార్చేయమ్మా," అన్నాను. 11.24కి మారింది, మరుసటి రాత్రి అదే విమానానికి. 11.27కి కారు టెర్మినల్ 3 ముందు ఆగింది.

ఆ మూడు నిమిషాల గురించి ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. అల్లుడు నాతో నేరుగా అన్నాడు: "ఇంకా ఇరవై మూడు నిమిషాలు ఉన్నాయి, వాళ్ళు వెళ్ళి ఉండేవాళ్ళు." నేను ఆ ప్రశ్నను చాలాసార్లు వేసుకున్నాను. గేటు దగ్గర పది నిమిషాలు. 11.37. కౌంటర్ వరుస వెతుక్కుని 11.42. మొదటి కంపెనీ కుర్చీ టెర్మినల్ 1 బయటే వదిలేసింది, ఇక్కడ రెండో కంపెనీ కుర్చీ కొత్తగా అడగాలి, అది వచ్చేదాకా అమ్మ నడవాలి. కౌంటర్లో తీసుకున్నారనే అనుకుందాం. తర్వాత ఇమ్మిగ్రేషన్, సెక్యూరిటీ, ఆ తర్వాత గేటు దాకా ఎంత దూరం. బోర్డింగ్ గేటు విమానం లేవడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముందే మూస్తారు. ఒంటరిగా ఉన్న కుర్రవాడైతే పరిగెత్తమనేవాణ్ణి. వీళ్ళను అనలేను. గీత గీసిన తర్వాత, కారు దగ్గర్లోనే ఉందని దాన్ని జరిపితే ఇక గీత ఎందుకు?

మార్పుకు ఇద్దరికీ కలిపి ₹41,000 అయింది. ఏరోసిటీలో గది, కార్లు కలిపి ఇంకో ఏడు వేలు. మొదట ఆదా అయిన 38,000 పోయి, పైన పదివేలు ఎదురు పెట్టాల్సి వచ్చింది.

పరిహారం వస్తుందా అని అల్లుడు అడిగాడు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో కనెక్షన్ తప్పినందుకు పరిహారం మాట ఉన్నది ఒకే టికెట్ నంబరు మీద ఉన్న ప్రయాణాలకే. ఇక ఆలస్యానికి టిఫినూ కాఫీ ఇచ్చే నిబంధన ఉంది గానీ, రెండున్నర నుంచి అయిదు గంటల ప్రయాణానికి అది మూడు గంటల ఆలస్యం దాటాకే. చెన్నై-ఢిల్లీ ఆ కోవలోకే వస్తుంది. వీళ్ళ ఆలస్యం గంటన్నర కూడా లేదు. ప్రయాణ బీమా పాలసీలో 'మిస్డ్ కనెక్షన్' అన్న పదం ఉంది. కింద ఎన్ని గంటల ఆలస్యానికి, ఎలాంటి టికెట్‌కు అని చదివితే అది కూడా వర్తించలేదు. ఆ పదం చూసి పాలసీ కొనే వాళ్ళకు నేనిప్పుడు ఆ కింది పేరా చదివి వినిపిస్తున్నాను.

మరుసటి రాత్రి 9.30కే టెర్మినల్ 3లో కౌంటర్ దగ్గర ఉన్నారు. ఇక్కడ వీల్‌చైర్ దాని విలువ చూపించింది. ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద క్యూ పక్క నుంచి వేరే వరుసలో తీసుకెళ్ళి, గేటు దాకా దింపారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి మార్చి పంపారు. బాలింత కాయంతో సహా రెండు బ్యాగులూ డల్లాస్ చేరాయి.

ఇప్పుడు నేను ఎలా చేస్తున్నాను

వీల్‌చైర్‌ను నేను ఇప్పుడు రెండుగా చూస్తున్నాను. ఎక్కే చోట అది టైము మిగులుస్తుంది, దిగే చోట టైము తింటుంది. టైటుగా ఉన్న కనెక్షన్‌లో, మనిషి నెమ్మదిగానైనా పది నిమిషాలు నడవగలిగితే, మొదటి విమానానికి కుర్చీ పెట్టను, రెండో విమానానికే పెడతాను. నడవలేని మనిషైతే కుర్చీ తప్పదు, అప్పుడు ఆ అరగంటను లెక్కలో మొదటి గీతగా వేస్తాను. ఆ లెక్కకు కనెక్షన్ తట్టుకోకపోతే ఆ టికెట్ కొననివ్వను. మందుల పేర్లు అడిగినట్టు, అమ్మల చేతిలో ఫోన్ ఉందా, అందులో బ్యాలెన్స్ ఉందా అని కూడా అడుగుతున్నాను. ప్లాను ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెబుతున్నాను.

మన ప్రాంతం వాళ్ళకు నా మొదటి సలహా చెన్నై నుంచో, హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో అమెరికా దాకా ఒకే టికెట్. గల్ఫ్ కంపెనీల విమానాలు ఈ మూడు ఊళ్ళ నుంచీ ఉన్నాయి. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కాబట్టి అక్కడ కనెక్షన్ టైము ఎక్కువ చూసుకోవాలి. మిగతా దారుల్లో అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమ్మిగ్రేషన్, అక్కడే బ్యాగు తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మూడు గంటలకు తగ్గించను.

విడి టికెట్లు తప్పకపోతే ఊరు చూడాలి. హైదరాబాద్‌లో దేశీయం, అంతర్జాతీయం ఒకే భవనం. రేణిగుంట నుంచి విమానంలో వెళ్ళి అక్కడ మారడం పెద్దవాళ్ళకు అన్నిటికంటే సులువు. చెన్నైలో టెర్మినళ్ళు పక్కపక్కనే, నడిచి మారవచ్చు. కాకపోతే దేశీయానికి 1, 4 రెండు ఉన్నాయి, ఏదో చూసుకోవాలి. బెంగళూరులో 2023 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి వెళ్తున్నాయి, టెర్మినల్ 1కీ దానికీ మధ్య షటిల్ బస్సు ఉంది. ముంబైలో టెర్మినల్ 1 శాంతాక్రూజ్ వైపు, టెర్మినల్ 2 సహార్ వైపు, మధ్యలో ఊరి రోడ్డు. ఢిల్లీ సంగతి పైన చెప్పాను. ఢిల్లీలో తప్పదనుకుంటే, టెర్మినల్ 3లోనే దిగే దేశీయ విమానం రెండు వేలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

మాస్టారు వాళ్ళకు మనవరాలు పుట్టింది. జులైలో తిరుగు ప్రయాణం. ఆ టికెట్లలో కూడా ఢిల్లీలో అర్ధరాత్రి 1.30కి టెర్మినల్ 3లో దిగి, తెల్లవారి 5 గంటలకు టెర్మినల్ 1 నుంచి చెన్నైకి ఎక్కాలని ఉంది. ఈసారి కూతురే మే నెలలో నాకు ఫోన్ చేసి, ఆ చెన్నై టికెట్ రద్దు చేసి మీరే చూసి తీసుకోండి అంది. పొద్దున 9.40కి టెర్మినల్ 3 నుంచే బయలుదేరే విమానం తీసుకున్నాను. ఆ విమానం కూడా గంటా నలభై నిమిషాలు ఆలస్యమైంది. నేను ఆత్రంగా ఫోన్ చేస్తే, ఈసారి అమ్మ ఎత్తింది, తన ఫోనే. "ఇక్కడే ఇడ్లీ తింటా ఉండాం నాయనా. సాంబారు బాగాలేదు. విమానం వచ్చినప్పుడు వస్తుందిలే, మేం పొయ్యేది ఇంటికే గదా," అంది.